ఖాళీ బండి ఎవరూ ఎక్కరు

మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. ఈ సంగతి పెళ్ళికి ముందే నాకు చెప్పారు, అదేదో గొప్ప గుణమన్నట్టు చెప్పారు. ఒక కంపెనీ మేనేజరు కారు నడిపినంత కాలం అది గొప్ప గుణమే అయింది కూడా. ఆ మేనేజరుకి వెనక సీట్లో కూర్చుని ఫోన్లో అరవడం అలవాటు. ముందున్నవాడు ఎంత నోరు మూసుకుంటే అంత మంచి డ్రైవరు. ఇస్త్రీ చేసిన తెల్ల బట్టలు వేసుకోవడం, కారు ఆగగానే గబుక్కున దిగి తలుపు తీయడం, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడటం, అడిగితే తప్ప మాట్లాడకపోవడం, ఇదీ ఆయన ఉద్యోగం. ఏళ్ళ తరబడి చేశారు. ఆ మేనేజరు రిటైరయ్యాక కొత్తగా వచ్చినాయన తన కారు తనే నడుపుకుంటానన్నాడట. మా ఆయన ఇంటికొచ్చి, తెల్ల బట్టలు మడతపెట్టి, అన్నం తిని, చేయి కడుక్కుని, అప్పుడు చెప్పారు ఉద్యోగం పోయిందని.

మినీబస్సు కొని జనాన్ని ఎక్కించుకుని తిప్పుకుందామన్న ఆలోచన ఆయనదే. నేను కాపురానికొచ్చాక ఆయన తనంతట తను చేసిన మొదటి ఆలోచన అది. అందుకే కాదనడానికి నాకు మనసొప్పలేదు.

మా వీధి మొదట్లో నాకొక బట్టలు కుట్టే కొట్టు ఉండేది. గుడ్డలు కత్తిరించే బల్ల, నిలువుటద్దం, మంచి గిరాకీ. దాన్ని నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయికే అమ్మేసి, ఎవరో వాడి వదిలేసిన మినీబస్సు కొన్నాం. తాళాలిచ్చిన రోజున ఆ పిల్ల ఎంతో మర్యాదగా, ఎప్పుడైనా చేతిలో పని లేకపోతే వచ్చెయ్యమని, కాజాలు కుట్టే పని తన దగ్గర ఎప్పుడూ ఉంటుందని చెప్పింది. మంచికే చెప్పింది. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పిల్లకి కత్తెర పట్టుకోవడం నేర్పింది నేను. ఇక ఈ బండి నిలదొక్కుకోకపోతే నేను వెళ్ళి నా బల్ల ముందే, ఆ పిల్ల చెప్పినట్టు కాజాలు కుట్టాలి. అది తలుచుకుంటే నాకు నిద్ర పట్టేది కాదు. మా ఆయనకి మాత్రం భేషుగ్గా పట్టేది.

బండిని ముస్తాబు చేశాం. మిగిలిపోయిన గుడ్డముక్కలన్నీ చూసి సీట్లకి తొడుగులు కుట్టాను, కిటికీలకి తెరలు కుట్టాను. ఆయన అద్దాలు తుడిచి తుడిచి, అక్కడ అద్దం ఉందో లేదో తెలియకుండా చేశారు. మా మరిది వచ్చి చూసి, "వదినా, ఇందులో చెప్పులు విడిచి ఎక్కాలా?" అని అడిగాడు. వెటకారం అనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది.

సంత దగ్గర స్టాండు నుంచి పెద్దాసుపత్రి మీదుగా గోదాముల దాకా ఇలాంటి బండ్లు తిరుగుతాయి. స్టాండుకొక పెద్దమనిషి ఉన్నాడు. మెళ్ళో విజిల్ వేలాడుతూ ఉంటుంది కాబట్టి అందరూ విజిల్ బాబాయి అంటారు. బండ్లన్నీ వరుసలో నిలబడతాయి. ముందున్న బండి నిండితే ఆయన విజిల్ వేస్తాడు, అది కదులుతుంది, వెనకది ముందుకొస్తుంది. కొత్త బండికి మాత్రం ఒక పరీక్ష ఉంది. దాని వంతు రాగానే బాబాయి ఒక గ్లాసు టీ తెప్పించుకుంటాడు. ఆ టీ అయిపోయేలోగా బండి నిండాలి. నిండకపోతే వరుస చివరికి పోవాలి. మూడుసార్లు అలా పోయిన బండికి ఆ స్టాండులో ఇక చోటు లేదు. స్టాండులో చోటు లేని బండి ఇంటిముందు పెట్టుకుని చూసుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు.

మొదటిరోజు మా ఆయన తెల్ల బట్టలు వేసుకుని వెళ్ళారు. మా వంతు వచ్చింది. మిగతా డ్రైవర్లు గొంతు చించుకుని దిగే చోట్ల పేర్లు అరుస్తారు, చేయి పట్టుకుని లాక్కొచ్చి కూర్చోబెడతారు. మా ఆయన బండి దిగి, తలుపు తీసి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. నేను ఎదురుగా ప్లాస్టిక్ సామాన్ల కొట్టు దగ్గర నిలబడి చూస్తున్నాను. జనం వచ్చేవారు, ఆ తెరలు చూసేవారు, ఆ తెల్ల బట్టలు చూసేవారు, ఒకడుగు వెనక్కి వేసి పక్కనుంచి వెళ్ళిపోయేవారు. ఒకావిడ ధైర్యం చేసి, ఇది ఏ హోటలు వాళ్ళ బండి అని అడిగింది. ఏ హోటలుదీ కాదండి అన్నారు మా ఆయన. అంతటితో ఆపేశారు. ఎక్కమని చెప్పాలని ఆయనకి తోచలేదు. బాబాయి టీ అయిపోయింది.

ఆ రాత్రి తెరలు ఊడబీకాను. తెల్ల బట్టలు పెట్టెలో పెట్టి తాళం వేశాను. మర్నాడు మామూలు గళ్ళ చొక్కాలో వెళ్ళారు. ఒకతను ఎక్కాడు కూడా. ఎక్కి కూర్చుని, వెనక్కి చూశాడు, పక్కకి చూశాడు, ఖాళీ సీట్ల మధ్య ఒంటరిగా ఉన్నానని తెలుసుకుని దిగి వెళ్ళిపోయాడు. అప్పుడు నాకు అరటిపండు ఒలిచినట్టు అర్థమైంది. ఈ వ్యాపారంలో మొదట ఎక్కడానికి ఎవరూ సిద్ధంగా ఉండరు, చివర ఎక్కడానికి మాత్రం కొట్టుకు చస్తారు. మొదట ఎక్కినవాడు బండి నిండేదాకా కూర్చోవాలి, చివర ఎక్కినవాడు ఎక్కగానే పోతాడు. మరి అందరూ చివరనే ఎక్కుతానంటే బండి కదిలేదెప్పుడు? బాబాయి టీ రెండోసారీ అయిపోయింది. మా ఆయన ఇంటికొచ్చి అన్నం తిన్నారు.

ఇక మిగిలింది ఒక్కటే అవకాశం. మిగతా డ్రైవర్లు ఏం చేస్తారో కనుక్కుని రమ్మని మా మరిదిని పంపాను. వాడు గడియారాలు బాగుచేస్తాడు, కూర్చున్నచోటే నిద్రపోతాడు, కానీ అడిగిన పని చేస్తాడు. తెలిసిందేమిటంటే, తెలివైనవాళ్ళు ముందు తమ మనుషుల్ని ఇద్దరు ముగ్గుర్ని ప్రయాణికుల్లా కూర్చోబెడతారట. సగం నిండిన బండి చూసి జనం ఎక్కుతారు. నిండుతున్న కొద్దీ వీళ్ళు ఏదో సాకు చెప్పి ఒక్కొక్కరే జారుకుంటారు. అలాంటి మనుషుల్ని పెట్టుకునే స్తోమత మాకెక్కడిది? ఇంట్లోనే ఉన్నారుగా మనుషులు అనుకున్నాను.

వంటింట్లో పీటలు, స్టూళ్ళు వరుసగా వేసి అభ్యాసం చేయించాను. ముందు స్టూలు మీద మా అత్తగారు. ఆవిడ వెనక నేనూ, మా ఆడపడుచూ. వెనక మూల మరిది. ఎవరికీ ఎవరూ తెలియదు, ఎవరితో ఎవరూ మాట్లాడకూడదు. కళ్ళజోడు మర్చిపోయానని అత్తగారు దిగాలి. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానని ఆడపడుచు దిగాలి. మరిదికి సాకు చెప్పడం చేతకాదు కాబట్టి ఊరికే దిగాలి. అందరికంటే చివర నేను దిగాలి. అత్తగారికి ఈ ఏర్పాటు నచ్చలేదు. కన్నకొడుకు బండిలో కూర్చుని వాడెవడో తెలియదన్నట్టు ఉండటమేమిటని సాగదీశారు. ఉండకపోతే బండి పోతుందని నేను గట్టిగా చెప్పాల్సి వచ్చింది. మా ఆయన ఇదంతా గుమ్మంలో నిలబడి చూశారు. బాగుందని గానీ బాగాలేదని గానీ అనలేదు.

మూడోసారి మా వంతు వచ్చింది. బాబాయికి టీ వచ్చింది. మేం నలుగురం నాలుగు దిక్కుల నుంచి వచ్చి ఎక్కాం. మా ఆడపడుచు నటన మొదలుపెట్టగానే నాకు గుండె జారింది. కిటికీ పక్క సీటు కోసం వాళ్ళమ్మనే మోచేత్తో నెట్టి, "ఎవరమ్మా మీరు, కాస్త ముందుకెళ్ళి కూర్చోండి" అంది. అత్తగారికి నిజంగానే కోపం వచ్చింది. ముందు సీట్లో కూర్చున్నారు గానీ, మొహం గంటుపెట్టుకుని కూర్చున్నారు. ఏదైతేనేం, చూసేవాళ్ళకి అచ్చం ప్రయాణికుల్లాగే కనిపించాం.

జనం ఎక్కడం మొదలుపెట్టారు. నిజం చెప్తున్నాను, నా కళ్ళను నేనే నమ్మలేకపోయాను. నిన్నటిదాకా దూరంనుంచి చూసి పోయినవాళ్ళు తోసుకుంటూ ఎక్కారు. ఆసుపత్రి నర్సు ఒకామె నా పక్కన కూర్చుంది. నల్లటి తోలుబ్యాగు పట్టుకున్న ఒక పెద్దమనిషి, నడుం మీద చేయి వేసుకుని, మెట్టెక్కుతూనే మెట్టు ఎత్తుగా ఉందని విసుక్కుంటూ, మా ముందు వరుసలో కూర్చున్నాడు.

ఇక దిగడం మొదలుపెట్టాలి. అత్తగారు లేచి, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను నాయనా అన్నారు. బ్యాగు పెద్దమనిషి తలెత్తి చూసి, "కళ్ళకే ఉందిగా అమ్మా" అన్నాడు. ఉంది. అత్తగారు తడిమి చూసుకుని, మళ్ళీ కూర్చున్నారు. ఆడపడుచు దిగుదామంటే కిటికీ వైపు ఇరుక్కుపోయింది. మరిది వెనక మూల అప్పటికే గురకపెడుతున్నాడు. సరే నేనైనా దిగుదామని లేచాను. నర్సు నా చేయి పట్టుకుంది. ఒక్కరు దిగితే మళ్ళీ ఇంకొకరు దొరికేదాకా ఆగాలి, డ్యూటీకి ఆలస్యమవుతుంది, కూర్చోండి అని బతిమాలింది. ఇంతలో బాబాయి గ్లాసు పట్టుకునే వచ్చి లోపలికి తొంగిచూశాడు. గ్లాసులో ఇంకో గుక్క ఉంది. నిండింది అన్నాడు. విజిల్ వేశాడు. మా ఆయన అద్దంలో నావైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. బండి కదిలింది, మొత్తం కుటుంబంతో.

పోనీలే, గోదాముల దాకా నోరు మూసుకుని కూర్చుంటే గండం గడిచినట్టే అనుకున్నాను. కానీ మా ఆయన తోలడం చూడాలి. వెనక సీట్లో మేనేజరు ఫోన్లో మాట్లాడుతున్నాడన్నట్టే తోలుతున్నారు. గుంట వస్తే దాని అనుమతి తీసుకుని దాటుతున్నారు. ఎవరైనా రోడ్డు దాటుతుంటే ఆగి, వాళ్ళు అవతలికి చేరి సర్దుకునేదాకా చూస్తున్నారు. మిగతా బండ్లు హారన్లు కొట్టుకుంటూ మమ్మల్ని దాటిపోతున్నాయి. బ్యాగు పెద్దమనిషి మొదట నిట్టూర్చాడు. తర్వాత, "బండి తోలుతున్నావా, జోకొడుతున్నావా?" అని అడిగాడు. మా ఆయన ఇంకో గేరు తగ్గించారు. అత్తగారి మెడ బిగుసుకోవడం నాకు వెనకనుంచి కనిపించింది. దేవుడా, దేవుడా అనుకున్నాను.

ఆ పెద్దమనిషి ఊరుకోలేదు. బండంతా వినిపించేలా, "ఎవరు కన్నారో గానీ ఇతన్ని, తీరిగ్గా కన్నారు" అన్నాడు.

అత్తగారు సీట్లో పూర్తిగా వెనక్కి తిరిగారు. "నేనే కన్నాను. ఏం? ఇంకా ఏమన్నా కావాలా?"

"అమ్మా, ఊరుకో" అంది మా ఆడపడుచు, అలవాటు కొద్దీ. అమ్మ ఏమిటని అందరూ అటు చూశారు. నేను కంగారులో, కూర్చోండి అత్తయ్యా అనేశాను. అందరూ ఇటు చూశారు. ఈ గొడవకి మా మరిదికి మెలకువ వచ్చి, వెనక మూలనుంచి, "వదినా, ఇప్పుడు దిగాలా?" అని అడిగాడు.

బ్యాగు పెద్దమనిషి మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశాడు. ఆ తర్వాత నర్సువైపు కూడా అనుమానంగా చూశాడు. తనకేమీ సంబంధం లేదని, తను డ్యూటీకి వెళ్తున్నానని నర్సు చేతిసంచిలో ఉన్న గుర్తింపు కార్డు తీసి చూపించింది.

మా ఆయన బండి పక్కకి తీసి ఆపారు. దిగారు, వచ్చి తలుపు తీశారు, చేతులు వెనక్కి కట్టుకున్నారు. నేను ఆయన నోటినుంచి అంత పొడుగు మాట ఎప్పుడూ వినలేదు. "తప్పు నాదేనండి. నాకు అరిచి పిలవడం చేతకాదు. అందుకని మావాళ్ళు ఇలా కూర్చున్నారు. మీ దగ్గర డబ్బులు తీసుకోను. వేరే బండెక్కాలంటే ఎక్కండి." నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది, ఆయన్ని చూసి కాదు, నన్ను చూసుకుని. నడిరోడ్డు మీద దిగి ఏం చేస్తాం, తొందరగా పోనియ్యవయ్యా అన్నాడు బ్యాగు పెద్దమనిషి. మా ఆయన తొందరగా పోనివ్వలేదు. ఎప్పట్లాగే పోనిచ్చారు.

ఆ పెద్దమనిషి సాయంత్రం సంత దగ్గర దిగి, సరాసరి బాబాయి దగ్గరికెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాడు. బాబాయి మమ్మల్ని పిలిపించాడు. మా ఆయనతో పాటు నేనూ వెళ్ళాను, ఈ పథకం నాది కాబట్టి. ఉత్తుత్తి మనుషుల్ని కూర్చోబెట్టడం తప్పుకాదట, అందరూ చేసేదేనట. విజిల్ లోపు వాళ్ళు దిగకపోవడం తప్పట. బండి నిండా చుట్టాల్ని వేసుకుని పోయేది పెళ్ళికి గానీ వ్యాపారానికి కాదన్నాడు. మిగతా డ్రైవర్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నా బల్ల, నా అద్దం, ఆ పిల్ల మర్యాద కళ్ళముందు కదిలాయి. ఇంకొక్క అవకాశం ఇమ్మని అడిగాను. అడగడం కాదు, బతిమాలాను. ఎవర్నీ బతిమాలి ఎరగని నేను.

బాబాయి చాలాసేపు విజిల్ తాడు వేలికి చుట్టుకున్నాడు. మా ఆయనతో అన్నాడు: "రేపు ఒక్కడివే రా. ఇంటిని ఇంట్లో పెట్టి రా. నిండితే నీ చోటు నీది."

మర్నాడు పొద్దున నేను రానని మాట ఇచ్చి, వెళ్ళాను. ప్లాస్టిక్ సామాన్ల కొట్లో బకెట్ల దొంతర వెనక నక్కాను. కొట్టాయన కొంటావా అని అడిగితే చూస్తున్నానన్నాను. మా బండి ముందుకొచ్చింది. టీ వచ్చింది. మా ఆయన తలుపు తీసి, నిలబడి, గొంతు సవరించుకుని, ఆసుపత్రి, గోదాములు అన్నారు. పక్కవాణ్ణి ఏదో రహస్యం అడిగినట్టుంది ఆ పిలుపు. ఎవరూ తిరిగి చూడలేదు. ఇంకోసారి అన్నారు. ఒకాయన, ఏమన్నారు అని అడిగి, వినకుండానే వెళ్ళిపోయాడు. నేను బకెట్టు అంచు పట్టుకుని గట్టిగా నొక్కాను. బాబాయి గ్లాసులో టీ సగానికి దిగింది.

అప్పుడు వచ్చాడు నల్లబ్యాగు పెద్దమనిషి. వరుసలో మొదట మా బండే ఉండటం చూసి ఆగాడు. దగ్గరికొచ్చి ముందు సీట్లోకి వంగి చూశాడు. వెనక మూలకి కూడా చూశాడు. నాకు మాటలు వినిపించడంలేదు గానీ, ఏమన్నాడో మా ఆయన తర్వాత చెప్పారు.

"మీ అమ్మగారు లేరు కదా?"

"లేరండి."

"అయితే సరే. నిన్న రాత్రి నాకు నడుం నొప్పి రాలేదయ్యా. ఎన్నాళ్ళకో."

ఎక్కాడు. ఖాళీ బండిలో, అందరికంటే మొదట, దర్జాగా ముందు సీట్లో కూర్చున్నాడు. కూర్చున్నవాడు కాసేపు ఓపిక పట్టాడు. ఆయనకి ఓపిక ఎంత ఉంటుందో నాకు తెలుసు. కిటికీలోంచి తల బయటపెట్టి అరవడం మొదలుపెట్టాడు. ఆసుపత్రి, గోదాములు, ఎక్కండయ్యా, ఏం చూస్తున్నారు, నాకు ఆఫీసుకి ఆలస్యమవుతోంది, మీకేం పనుల్లేవా అని స్టాండంతా మారుమోగేలా తిట్టాడు. అంత గొంతు ఆ స్టాండులో ఏ డ్రైవరుకీ లేదు. జనం తిట్లు తింటూ ఎక్కారు. నర్సు పరిగెత్తుకొచ్చి ఎక్కింది. ఆఖరి సీటు కోసం ఇద్దరు కొట్టుకున్నారు. బాబాయి మిగిలిన టీ కిందికి ఒంపేసి విజిల్ వేశాడు.

నేను బకెట్ల వెనక నిలబడి ఏడ్చాను. దాచుకోవడానికి ఏముంది, హాయిగా ఏడ్చాను. కొట్టాయన భయపడి, ధర తగ్గిస్తానమ్మా అన్నాడు.

బండి గోదాముల దాకా పోయి తిరిగొచ్చాక మా ఆయన్ని కలిసి, జరిగింది విని ఇంటికొచ్చేసరికి మా అత్తగారు మంచి చీర కట్టుకుని, మంచినీళ్ళ సీసా సంచిలో పెట్టుకుని, వీధి గుమ్మంలో కూర్చుని ఉన్నారు. మళ్ళీ అవసరం పడుతుందని తయారయ్యారట. బండి నిండిందని, చోటు మనదేనని చెప్పాను. సంతోషపడ్డారు. నా రెండు చేతులూ పట్టుకుని ఊపారు. మొదట ఎవరెక్కారని అడిగారు. చెప్పకుండా ఉండాల్సింది, చెప్పేశాను. ఆయనేం అడిగి ఎక్కాడో కూడా నోరు జారాను.

ఆవిడ సంచిలోంచి సీసా తీసి కింద పెట్టారు. "అంటే, నేను లేనని ఎక్కాడు" అన్నారు. ఆ మాట చాలా మెల్లగా అన్నారు. కొడుకు బండిలో ముందు సీటు ఒక్కరోజే ఆవిడకి దక్కింది, అదీ దొంగ ప్రయాణికురాలిగా. ఆ సీటు ఆవిడకి మళ్ళీ దక్కకుండా ఉంటేనే మా బతుకు నిలబడుతుంది. నాకు ఆవిడ మీద జాలేసింది. పక్కన కూర్చున్నాను.

కాసేపటికి ఆవిడ లేచి లోపలికెళ్ళి, బీరువా తీసి, తన చిల్లర డబ్బుల సంచి తెచ్చుకున్నారు.

"రేపు డబ్బులిచ్చి ఎక్కుతాను. నన్నెవరు దింపుతారో చూస్తాను" అన్నారు. ఆ పెద్దమనిషి ఏ వేళకి వస్తాడో, ఏ సీట్లో కూర్చుంటాడో నన్ను అడిగి తెలుసుకున్నారు.